ఓడ దిగాక ఎన్నాళ్ళకి విమానం

రాష్ట్ర సమయపాలన ప్రోత్సాహక మండలి అనే సంస్థ ఒకటి ఉందని జనంలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో ఎక్కువమంది అందులో పనిచేసేవాళ్ళే. హైదరాబాదులో ఒక అద్దె భవనం రెండో అంతస్తులో దాని కార్యాలయం. బడి గోడలకి అంటించే ‘వేళకు రండి’ పోస్టర్లు అచ్చువేయించడం, సర్కారు ఆఫీసుల్లో గోడగడియారాలు నడుస్తున్నాయో లేదో ఏటా తనిఖీ చేయడం దాని పనులు. తనిఖీకి ఏ రోజు వస్తామన్నారో ఆ రోజు వాళ్ళు ఎన్నడూ వెళ్ళకపోవడం వల్ల, ఆకస్మిక తనిఖీల్లో ఆ మండలికి గొప్ప పేరుంది.

అందులో మండవ సుభాషిణి ప్రయాణాల సెక్షన్ చూసేది. ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా టికెట్లు, బస, బండి అన్నీ ఆమె చేతిమీదుగానే జరగాలి. నలభై దాటిన మనిషి. నెమ్మదస్తురాలు. ఆఫీసులో ఎవరితోనూ గొడవపడిన దాఖలా లేదు.

ఆ ఏడాది మండలి మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు ఏదో సదస్సుకి వెళ్ళి, నవ్వే ఉద్యోగి రెట్టింపు పని చేస్తాడని విని వచ్చారు. మర్నాడే ‘సిబ్బంది సముద్ర ఉల్లాస పథకం’ పేరుతో సర్క్యులర్ వెలువడింది. అందరూ చెన్నై రేవులో ఓడ ఎక్కాలి. నాలుగు రోజులు సముద్రంలో తిరగాలి. మళ్ళీ చెన్నైలోనే దిగాలి. ఉల్లసించడం తప్పనిసరి. రాలేనివాళ్ళు కారణం రాతపూర్వకంగా తెలపాలి, అది సంతృప్తికరంగా లేకపోతే ఇంక్రిమెంటు ఆగుతుంది.

వెళ్ళేటప్పుడు రైల్లో వెళ్ళి, వచ్చేటప్పుడు విమానంలో రావాలని పథకంలోనే ఉంది. ఓడ ఆదివారం పొద్దున ఏడింటికి రేవు చేరుతుంది. సుభాషిణి చూసి, అదే రోజు మధ్యాహ్నం రెండున్నరకి ఒక విమానం ఉందని, దానికి అందరికీ టికెట్లు తీసుకోవచ్చని నాలుగు వాక్యాల్లో నోట్ రాసి పైకి పంపింది. సాయంత్రానికల్లా సంతకమై కిందికి వస్తుందనుకుంది.

ఆ తొందరకి ఆమెకి సొంత కారణం ఉంది. ఆ మర్నాడు, సోమవారం, వాళ్ళ అక్క హైమావతి పెళ్ళి.

హైమావతికి నలభై తొమ్మిదేళ్ళు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె లెక్కలు చెప్పే బడిలోనే డ్రిల్లు మాస్టారుగా పనిచేసే నరహరి గారూ ఒంటరి మనిషే. ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. సంగతి చెప్పగానే వాళ్ళ అన్నయ్య “ఈ వయసులో” అని మొదలుపెట్టి, మిగతా వాక్యం పూర్తిచేయకుండానే ఫోన్ పెట్టేశాడు. మిగతా బంధువులు అన్నయ్య ఎటుంటే అటే. ఆయన మెత్తబడతాడేమోనని రెండుసార్లు తేదీ మార్చారు. ఆయన మెత్తబడలేదుగాని, రిజిస్ట్రారుకి ఇచ్చిన నోటీసు గడువు అయిపోవచ్చింది. ఆ సోమవారం దాటితే మళ్ళీ మొదటినుంచి నోటీసు, మళ్ళీ నిరీక్షణ.

పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. “మిగతా ఇద్దరూ ఆయన స్నేహితులే. మనవైపు నుంచి ఒక్క సంతకమైనా ఉండాలే సుభా,” అంది హైమావతి. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేని మనిషి. ఆ మాట అనేసి వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నోట్ సాయంత్రానికి రాలేదు. జాయింట్ డైరెక్టర్ జలసూత్రం భీమశంకరం గారి బల్లమీద ఆగిపోయింది.

భీమశంకరం గారు జాగ్రత్తకి పెట్టింది పేరు. పూర్వం ఆయన బావమరిది రైలు దిగి బస్సు అందుకోబోతే అది తప్పిపోయిందట. ఆనాటి నుంచి వాళ్ళ కుటుంబంలో ఎవరూ ఒకే రోజున రెండు వాహనాలు ఎక్కలేదు. ఆయన సుభాషిణిని పిలిపించి, నోట్‌లో ‘చేరుతుంది’ అన్న మాట కింద ఎర్రగీత గీసి చూపించారు. ఓడ చేరడమంటే రేవు కంటికి కనబడటమా, తాడు కట్టడమా, నిచ్చెన వేయడమా, లేక ఆఖరి ఉద్యోగి ఆఖరి సంచితో సహా నేలమీద పాదం మోపడమా అని అడిగారు. నిచ్చెన వేయడం అనుకుంటున్నానని సుభాషిణి చెప్పింది.

“అనుకోవడం మీద మండలి నడవదమ్మా,” అన్నారాయన బాధగా.

దాంతో ‘తిరుగు ప్రయాణ కాలాంతర నిర్ధారణ ఉపసంఘం’ ఏర్పడింది. భీమశంకరం గారు అధ్యక్షులు. అకౌంట్స్ ఆఫీసరు కోటేశ్వరి గారు, మండలి డాక్టరు ప్రసూన గారు సభ్యులు. చర్చలు రాసుకోవడానికీ, టీ చెప్పడానికీ సుభాషిణి.

మొదటి సమావేశంలోనే కోటేశ్వరి గారు ఒక మౌలికమైన అభ్యంతరం లేవదీశారు. తిరిగి రావడమన్నది వెళ్ళినవాళ్ళు చేసే పని. సిబ్బంది ఇంకా వెళ్ళనే లేదు. వెళ్ళనివాళ్ళు తిరిగి రావడానికి టికెట్టు కొంటే అది జరగని ప్రయాణానికి ముందస్తు చెల్లింపు అవుతుంది, నిబంధనలు ఒప్పుకోవు. వెళ్ళాక కొందామంటే అప్పటికి సీట్లు ఉండవని సుభాషిణి అంది. సీట్లు లేకపోవడం విమాన సంస్థ లోపమనీ, ముందస్తు చెల్లింపు మాత్రం తన లోపమనీ కోటేశ్వరి గారు తేల్చారు. చివరికి, వెళ్ళకముందే వెళ్ళినట్టుగా భావించడానికి పరాంకుశం గారి నుంచి ప్రత్యేక ఉత్తర్వు తెప్పించాక ఆమె శాంతించారు. ఆ ఉత్తర్వు ప్రకారం సిబ్బంది అంతా సముద్రం మీద ఉన్నట్టే లెక్క. ఆ వారం క్యాంటీన్ కుర్రవాడు ఎవరికైనా టీ ఇవ్వొచ్చా అని అడిగాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రెండో సమావేశంలో డాక్టరు గారు మాటవరసకి, ఓడ దిగినవాళ్ళలో కొందరికి కాసేపు నేల ఊగుతున్నట్టు అనిపిస్తుందని చెప్పారు. భీమశంకరం గారు కుర్చీలోంచి ముందుకి వంగారు. ఎంతసేపు అని అడిగారు. మనిషినిబట్టి, ఒక గంట కావచ్చు, ఎప్పుడో ఎవరికో ఒకరోజు కూడా ఉండొచ్చని డాక్టరు గారు అన్నారు. ఊగుతున్న నేలమీద నుంచి మనిషిని నేరుగా గాల్లోకి పంపడం మండలికి తగదని, కాబట్టి ‘భూస్థిరత్వ విరామం’ కింద ఒక రోజు కలపాలని ఆయన రాయించారు. తన ఉద్దేశం అది కాదని డాక్టరు అన్న మాట కూడా రాసుకున్నారు, ఉపసంఘం విభిన్న అభిప్రాయాలను గౌరవిస్తుందని చూపడానికి.

ఆ తర్వాత రేవు నుంచి విమానాశ్రయానికి ఎంతసేపు పడుతుందో ప్రత్యక్షంగా తేల్చడానికి భీమశంకరం గారు ఇద్దరు అధికారులతో చెన్నై వెళ్ళి ‘నమూనా యాత్ర’ చేశారు. నిజమైన పరిస్థితి ఉండాలని ఖాళీ సూట్‌కేసులు కూడా పట్టుకెళ్ళారు. మొదటి రోజు గంటలో చేరిపోయారు. అది నమ్మదగినట్టు కనిపించలేదు. రెండో రోజు వాన పడి గంటన్నర పట్టింది. మూడో రోజు దారిలో ఆ బావమరిది గారి ఇల్లు తగిలింది. ఆయన భోజనం చేస్తేగాని కదలనివ్వలేదు, భోజనం చేశాక పడుకోకుండా కదలనివ్వలేదు. చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. నివేదికలో ఈ మూడో రోజు కాలాన్నే ప్రామాణికంగా తీసుకుని, ‘ఊహించని ఆలస్యాలు ఉద్భవించు అవకాశమును దృష్టియందుంచుకొని’ దాన్ని రెట్టింపు చేశారు.

అన్నీ కలిపి, జాగ్రత్తకి ఇంకో రోజు చేరిస్తే తేలిందేమిటంటే, ఆదివారం పొద్దున దిగినవాళ్ళు ఎంత తొందరపడినా బుధవారం సాయంత్రంలోగా క్షేమంగా విమానం ఎక్కలేరు. పరాంకుశం గారు ఆమోదించారు. టికెట్లు బుధవారానికి, అంతవరకూ ఉండటానికి విమానాశ్రయం పక్కనే ఒక లాడ్జి.

సుభాషిణి ఆ రోజు ఇంటికి వెళ్ళి అక్కకి చెప్పలేకపోయింది. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది. హైమావతే అడిగి తెలుసుకుంది. విన్నాక, పోనీలే, నరహరి గారి ఇంటిపక్కావిడని అడుగుతాను, ఆవిడ మంచావిడే అంది. మంచావిడే అన్న మాట రెండుసార్లు అంది. పెరుగు వడ్డిస్తున్నప్పుడు మాత్రం చెల్లెలి మొహం వైపు చూడలేదు.

మర్నాడు సుభాషిణి తన సొంత ఖర్చుతో ఆదివారమే వచ్చేస్తానని అనుమతి కోరింది. పథకం సామూహికమైనదనీ, విడిగా ఉల్లసించడానికీ విడిగా తిరిగి రావడానికీ వీల్లేదనీ మధ్యాహ్నానికల్లా జవాబొచ్చింది. ఆ ఆఫీసులో ఒక కాగితం అంత త్వరగా కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పెళ్ళి సంగతి చెప్పి బతిమాలదామా అనుకుంది. అక్క పెళ్ళిమీద ఉపసంఘం కూర్చుంటుందేమోనని భయపడి మానేసింది.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పరాంకుశం గారి గది తలుపు తట్టింది. భీమశంకరం గారు కూడా అక్కడే ఉన్నారు.

“సార్, మన నిర్ణయంలో ఒక లోటు కనిపిస్తోంది,” అంది.

భీమశంకరం గారి కనుబొమలు పైకి లేచాయి.

“ఆదివారం విమానం అందదని మనం నిర్ణయించాం. రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి, అందదని రుజువేదీ అంటే చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు. ఎవరో ఒకరు నిజంగా ఆ విమానానికి ప్రయత్నించి అందుకోలేకపోతేనే కదా, మనం మూడు రోజులు ఆగినందుకు ఆధారం.”

ఆడిట్ అన్న మాటకి పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే విమానం తప్పిపోవడానికి ఒకరిని నియమించాలంటారు.”

“అవును సార్.”

“టికెట్టు కొనే నియమించాలా?”

“టికెట్టు లేకుండా తప్పిపోతే అది తప్పిపోవడం కిందికి రాదు కదండీ.”

ఇందులో న్యాయం ఉందని భీమశంకరం గారు ఒప్పుకున్నారు. కాని ఓటమి తప్పదని తెలిసి ఇంత శ్రమకి ఎవరు పూనుకుంటారని సందేహపడ్డారు. అవసరమైతే తానే వెళ్తానని సుభాషిణి అంది. ఆయన ఆమె వంక మొదటిసారిగా గౌరవంగా చూశారు. సాయంత్రం ఆమెని ‘విమాన అప్రాప్తి పరిశీలకురాలు’గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆదివారం విమానానికి చిత్తశుద్ధితో ప్రయత్నించి, విఫలమై, లాడ్జికి తిరిగివచ్చి నివేదిక సమర్పించవలసిందని అందులో ఉంది.

ఓడలో ఉల్లాసం పథకం ప్రకారమే సాగింది. పొద్దున పైఅంతస్తులో హాజరు, సాయంత్రం సూర్యాస్తమయం చూసినట్టు సంతకం. రెండో రోజు సగంమందికి కడుపులో తిప్పింది. అయినా ఎవరూ సంతకం మానలేదు.

ఆదివారం పొద్దున సుభాషిణి సంచీ సర్దుకుని ఓడ అంచున నిలబడింది. రేవు కనిపిస్తోంది, ఓడ మాత్రం కదలటంలేదు. రేవులో చోటు ఖాళీ అవడానికి ఆగారని ఎవరో అన్నారు. ఎనిమిదైంది. తొమ్మిదైంది. భీమశంకరం గారు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయన మొహంలో ఎన్నడూ లేని ప్రశాంతత కనిపించింది.

“చూశారా,” అన్నారు మెల్లగా. “నేను చెప్పలేదూ.”

సుభాషిణి గడియారం చూసుకుంది. ఇంత తెలివి ఉపయోగించి, ఇన్ని కాగితాలు నడిపించి, చివరికి ఆ బావమరిది గారి దారినే పోతానేమో అనిపించింది. ఆ పక్కింటావిడ రిజిస్టరులో సంతకం పెడుతున్నట్టు కళ్ళకి కట్టింది.

పదికి ఓడ కదిలింది. నిచ్చెన దిగి, తనిఖీలు దాటి ఆమె బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. వెనక నుంచి భీమశంకరం గారు చెయ్యి ఊపుతూ, నిరుత్సాహపడవద్దనీ, రాత్రి భోజనానికి లాడ్జిలో ఎదురుచూస్తామనీ చెప్పారు. ఆమె టాక్సీ ఎక్కి, డ్రైవరుని తొందరపెట్టి, విమానాశ్రయానికి చేరింది. చేరాక చూసుకుంటే, విమానానికి ఇంకా బోలెడు సమయం ఉంది. ఇడ్లీ తింది. కాఫీ తాగింది. ఇంకేం చేయాలో తోచక ఇంకో కాఫీ తాగింది. హైదరాబాదులో విమానం దిగి, ఇంటికి వెళ్ళి తలుపు తట్టేసరికి హైమావతి పెళ్ళికి కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేసుకుంటోంది. చెల్లెల్ని చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టడం మర్చిపోయింది. కాస్త ఉంటే చీర కాలిపోయేదే.

సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో పని చిన్నదే. గుమాస్తా వేలు పెట్టి చూపిన చోట నరహరి గారి స్నేహితులిద్దరూ సంతకాలు చేశారు. సుభాషిణి వంతు వచ్చింది. ‘వధువుకు ఏమవుతారు’ అన్న చోట ‘చెల్లెలు’ అని రాసింది. ఆ మాట చదివి హైమావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నయ్య రాలేదు. నరహరి గారు అలవాటుకొద్దీ నిటారుగా నిలబడి దండలు మార్చుకుంటుంటే అందరికీ నవ్వొచ్చింది, ఆయనకి కూడా. తర్వాత అయిదుగురూ ఎదురుగా ఉన్న హోటల్లో దోసెలు తిన్నారు.

మంగళవారం సుభాషిణి బుద్ధిగా ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కాపలాకి మిగిలిన సూపరింటెండెంటు ఆమెని చూసి కంగారుపడ్డాడు. ఉత్తర్వు తీసి చూపించాడు. దాని ప్రకారం ఆమె విఫలమై చెన్నైలో లాడ్జిలో ఉంది. ఇక్కడ హాజరు వేస్తే ఒకే మనిషి రెండు ఊళ్ళలో ఉన్నట్టవుతుంది. దయచేసి ఎవరూ చూడకముందే ఇంటికి వెళ్ళిపొమ్మని వేడుకున్నాడు. సుభాషిణి వెళ్ళిపోయింది. ఉద్యోగంలో చేరాక పనిరోజున మధ్యాహ్నం పడుకుని నిద్రపోవడం ఆమెకి అదే మొదలు.

బుధవారం చెన్నైలో జరిగింది తర్వాత ఆమెకి తోటివాళ్ళు చెప్పారు. పొద్దున ఫలహారాలయ్యాక పరాంకుశం గారు అందరినీ కూర్చోబెట్టి, విమానాశ్రయానికి ఎన్నింటికి బయలుదేరాలన్న విషయం చర్చకి పెట్టారు. విమానాశ్రయం లాడ్జి గేటులోంచి కనిపిస్తూనే ఉంది. అయితే దగ్గరి దూరాలే మనిషిని ఏమరుస్తాయని భీమశంకరం గారు హెచ్చరించారు. నడవాలా బండెక్కాలా, నడిస్తే రోడ్డు ఎక్కడ దాటాలి అన్నవాటిమీద మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. భోజనాల తర్వాత ఏకగ్రీవ తీర్మానం కుదిరింది. దాన్ని శుభ్రంగా తిరగరాసి, అందరిచేతా సంతకాలు పెట్టించాలని కోటేశ్వరి గారు పట్టుబట్టారు. ఆఖరి సంతకం అవుతుండగా లాడ్జి మీదుగా పెద్ద చప్పుడుతో విమానం ఒకటి వెళ్ళింది. కొందరు మేడమీదికి పరుగెత్తి చూశారు. అది వాళ్ళదే.

రెండు రోజుల తర్వాత వాళ్ళంతా రైల్లో, దొరికిన పెట్టెల్లో సర్దుకుని వచ్చారు.

సమీక్షా సమావేశం గంభీరంగా జరిగింది. విమానం అందకపోవడానికి కారణం వ్యవధి చాలకపోవడమేనని, మూడు రోజులు బొత్తిగా తక్కువని భీమశంకరం గారు తేల్చారు. సుభాషిణి ప్రయత్నం సఫలమైంది కదా అని డాక్టరు గారు గుర్తుచేశారు. ఒక్కరి అనుభవం మీద ఆధారపడి విధానాలు రూపొందించలేమని ఆయన అన్నారు. వచ్చే ఏడాది నుంచి ఓడ దిగిన వారం రోజులకి విమానం. అప్పగించిన వైఫల్యాన్ని సాధించలేకపోయినందుకు సుభాషిణికి ఒక మెమో. ఆమె దాన్ని తీసుకుని, క్షమించమని రాసిచ్చింది.

మరుసటి ఏడాది పథకం సర్క్యులర్‌లో కొత్తగా ఒక వాక్యం చేరింది. ఒక్కరితో రుజువు కుదరలేదు గనక, ఈసారి విమాన అప్రాప్తి పరిశీలకులుగా పనిచేయడానికి సేవాభావం గల సిబ్బంది దరఖాస్తు చేసుకోవచ్చని. సుభాషిణి ఎవరికీ ఏమీ చెప్పలేదు. భోజనాల వేళ అడిగినవాళ్ళకి మాత్రం, మంగళవారం మధ్యాహ్నం ఎలా నిద్రపోయిందో చెప్పింది.

గడువు ముగిసేసరికి సిబ్బంది అందరి దరఖాస్తులూ వచ్చాయి. విఫలం కావడానికి ఇంతమంది ముందుకి రావడం తన సర్వీసులో చూడలేదని పరాంకుశం గారు పొంగిపోయారు. అందరికీ అనుమతి ఇచ్చారు. ఆ ఆదివారం ఓడ దిగిన వాళ్ళంతా రెండున్నర విమానంలో హైదరాబాదు వచ్చి, వారం రోజులపాటు ఉత్తర్వు ప్రకారం చెన్నైలో ఉన్నారు.

నిజంగా చెన్నైలో మిగిలింది ముగ్గురు. పరాంకుశం గారు, భీమశంకరం గారు, కోటేశ్వరి గారు. విమానాశ్రయానికి ఎన్నింటికి బయలుదేరాలన్న విషయమై వాళ్ళు లాడ్జిలో రోజూ సమావేశమయ్యారనీ, శనివారం సాయంత్రానికి దాదాపు ఏకాభిప్రాయం కుదిరిందనీ, ఆదివారం పొద్దున ఫలహారాల దగ్గర భీమశంకరం గారికి మరో సందేహం వచ్చిందనీ తర్వాత తెలిసింది.